రెండూ పదికి పంపిన కబురు

ప్రేమ్ సాగర్ చెడ్డవాడని గుడివాడలో ఎవర్నడిగినా చెప్పరు. సిగరెట్టు ముట్టడు, పెద్దవాళ్లు ఎదురొస్తే బండి ఆపి పలకరిస్తాడు, పెళ్లాం మీద ఏనాడూ గొంతు లేపలేదు. అలాంటివాడు ఒక పెద్దమనిషిని నిలువునా ముంచాడంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మరు. వాడికి కావలసిందీ అదే.

సంగతి మొదటినుంచీ చెప్తాను. రెండు వేల మూడో సంవత్సరం. బందరు కోనేరు సెంటర్ దగ్గర ఒక మేడ మీద గంగాధరరావు గారని ఒకాయన కంపెనీ పెట్టాడు. సముద్రం ఒడ్డు ఊళ్లకి గాలివాన హెచ్చరికలు కంప్యూటర్ మీద పంపడం ఆ కంపెనీ పని. బందరులో ఒక మిషన్, దివిసీమ చివర ఉప్పుదిబ్బ అనే చేపల వేటగాళ్ల ఊళ్లో ఇంకో మిషన్, మధ్యలో రేడియో. ముందు ఆ ఒక్క ఊరితో ప్రయోగం. అది బాగా నడిస్తే మిగతా నలభై ఊళ్లూ ఆయనకే ఇస్తామని గవర్నమెంటులో పైవాళ్లు మాటిచ్చారు. నలభై ఊళ్లకీ ఇంజనీరు ప్రేమ్ సాగరే అని గంగాధరరావు వీడికి మాటిచ్చాడు.

బందరులో కూచుని హెచ్చరికలు పంపే మనిషి సత్యవేదం. అరవై మూడేళ్లు. ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటర్‌గా ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. గుడివాడలో ప్రేమ్ సాగర్ వాళ్ల పక్కిల్లే. టెన్త్‌లో వీడు లెక్కలు తప్పితే ఎండాకాలమంతా కూచోబెట్టి చెప్పి, పాలిటెక్నిక్‌లో సీటొచ్చేదాకా వెంటపడ్డది ఆయనే. చుట్టరికం లేకపోయినా వీడు ఆయన్ని మావయ్యా అనే పిలుస్తాడు. ఇద్దరూ పొద్దున్నే గుడివాడలో ప్యాసింజరెక్కి బందరులో దిగేవాళ్లు.

సత్యవేదానికి ఒక పిచ్చి ఉంది. ఫోను మోగితే ముందు గోడ గడియారం చూసి పుస్తకంలో టైము రాస్తాడు, ఆ తర్వాతే హలో అంటాడు. కబురు పంపితే మీట నొక్కిన నిమిషం రాసుకుంటాడు. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్లు. భార్య పోయినప్పుడు కూడా ముందు టైము చూసి తర్వాత ఏడ్చాడని గుడివాడలో చెప్పుకుంటారు. అది నిజమే.

ఇక ప్రేమ్ సాగర్ తెలివి సంగతి. ఉప్పుదిబ్బలో పెట్టింది ఏదో ఆఫీసువాళ్లు పారేసిన పాత మిషన్. అందులో వీడు మిషన్ని నడిపించే లినక్స్ అనే సరంజామా ఎక్కించాడు. దాని లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది, మిషన్ మొత్తానికీ పెత్తందారు అదే. బయటినుంచి ఏ కబురొచ్చినా ప్యాకెట్‌గా, అంటే చిన్న పొట్లంలా వస్తుంది, కెర్నెలే అందుకుంటుంది, అందుకున్న క్షణాన దాని మీద టైము ముద్ర వేసి, ఆ తర్వాత సంబంధించిన ప్రోగ్రామ్‌కి ఇస్తుంది. అచ్చం సత్యవేదం పద్ధతే. కాని ఆ పాత మిషన్లో గడియారం చిప్ మహా నెమ్మది. టైమెంత అని ఒకసారి అడిగి తెలుసుకునేలోపు వేరే పని బోలెడంత చేసుకోవచ్చు. ఒడ్డున స్తంభం మీద గాలినీ పోటునీ కొలిచే పరికరాలేమో సెకనుకి వేలల్లో ప్యాకెట్లు కుమ్మరిస్తాయి. ప్రతిదానికీ గడియారం అడుగుతూ కూచునేసరికి మిషన్ ఉక్కిరిబిక్కిరైపోయి సగం ప్యాకెట్లు కింద పారేసేది.

ప్రేమ్ సాగర్ వారం రోజులు కెర్నెల్ కోడ్ తిరగేసి ఒకటి కనిపెట్టాడు. వేస్తున్న ముద్రల్లో నూటికి తొంభై తొమ్మిది ఎవరూ అడిగి చూడరు. ఎవరూ చూడని ముద్ర దేనికి? తీసి అవతల పారేశాడు. ఇక మీదట ప్యాకెట్ వచ్చినప్పుడు కెర్నెల్ టైము వెయ్యదు. ఏ ప్రోగ్రామైనా ‘ఇదెప్పుడొచ్చింది?’ అని అడిగితే అప్పుడు గడియారం చూసి, అడిగిన టైమునే వచ్చిన టైము అని చెప్పేస్తుంది. రావడానికీ అడగడానికీ మధ్య సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు గదా అన్నది వీడి ధీమా.

మిషన్ ఒక్కసారిగా తేలికపడింది. ప్యాకెట్లు పోవడం ఆగిపోయింది. గంగాధరరావు భుజం తట్టి ఆఫీసంతా స్వీట్లు పంచాడు.

“ఆ టైము కాస్త అటూ ఇటూ అయితే పరవాలేదా?” అని ఒక్క మాట అడిగాడాయన.

“వెయ్యో వంతు సెకనుకి ఎవడు చస్తాడు సార్,” అని నవ్వాడు ప్రేమ్ సాగర్.

మావయ్యకి మాత్రం చెప్పలేదు. చెప్తే ఆయన ఒప్పుకోడని వాడికి బాగా తెలుసు.

హెచ్చరిక ప్రోగ్రామ్ కూడా వీడు రాసిందే. కబురు రాగానే ముందు స్పీకర్లో గంట మోగిస్తుంది, తర్వాత అదెప్పుడొచ్చిందో కెర్నెల్‌ని అడిగి ఫైల్లో రాస్తుంది. మనుషులకి వినపడ్డం ముఖ్యం కాబట్టి గంట ముందు, రాత తర్వాత. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

ఉప్పుదిబ్బలో ఆ సెంటర్ చూసుకునేది నాగమల్లేశ్వరి, ఆ ఊళ్లోనే పుట్టి ఇంటర్ దాకా చదివిన అమ్మాయి. ఊరి మొత్తానికి పెద్ద స్పీకర్లున్నది ఆ సెంటర్లోనే. ఎవరింట్లో ఫంక్షనైనా క్యాసెట్లవాణ్ణి కోడూరు నుంచి పిలిపించడం మానేసి, సెంటర్లో కంప్యూటర్ మీద సీడీ పెట్టించుకోవడం ఊళ్లో అలవాటైపోయింది. ఆ అమ్మాయి కాదనేది కాదు, బందరులో ఎవరికీ చెప్పేదీ కాదు. మే నెల మూడో వారంలో వాళ్లక్క కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చింది. పొద్దుటినుంచీ పాటలే పాటలు.

ఆ మధ్యాహ్నం రెండూ ఐదుకి వాతావరణం వాళ్లు బందరుకి ఫోన్ చేశారు, గంటన్నరలో పెనుగాలి వస్తోంది, పడవలు కదలొద్దని. సత్యవేదం రెండూ పదికి కబురు పంపి పుస్తకంలో రాసుకున్నాడు. ఊళ్లో ఫోను నెలరోజులుగా చచ్చిపడుంది, అందుకని ఫోన్ చేసి చెప్పే దారి లేదు. కబురందిందని తిరుగు కబురొచ్చే ఏర్పాటు ఇంకా పెట్టలేదు. రెండున్నరకి ఆటు మొదలై నీళ్లు సముద్రంలోకి లాగగానే, ఆ ఊరి వేటగాడు కోటయ్యా, అతని తమ్ముడు చిన్నబాబూ పడవ తీశారు. మూడూ ఐదుకి ఊళ్లో గంట మోగింది. నాగమల్లేశ్వరి మైకు పట్టుకుని గొంతు చించుకుంది. అప్పటికి పడవ ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్లిపోయింది. మూడున్నరకి గాలి లేచింది. రెండో రోజు కోటయ్య శవం మడ చెట్లలో దొరికింది. చిన్నబాబు దొరకనే లేదు.

మిషన్లో ఫైల్ తీసి చూస్తే, కబురు వచ్చిన టైము మూడూ ఐదు అని ఉంది.

పైనుంచి విచారణకి రాజ్యలక్ష్మి గారు వచ్చారు. రిటైరైన ఆఫీసరు. మెత్తగా మాట్లాడుతుంది, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగుతుంది. గురువారం బందరు ఆఫీసులో అందర్నీ కూచోబెట్టింది. సత్యవేదం తన పుస్తకం ఆవిడ ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“రెండూ ఐదుకి ఫోన్ చేశామని వాతావరణం వాళ్లంటున్నారు. రెండూ పదికి పంపానని మీరు రాశారు. మూడూ ఐదుకి వచ్చిందని మిషన్ అంటోంది. ఈ యాభై ఐదు నిమిషాలూ ఏమైనట్టండీ?”

“నాకు తెలియదమ్మా. నేను పంపింది మాత్రం రెండూ పదికే.”

“మధ్యాహ్నం భోంచేశాక కునుకు తీసే అలవాటుందా?”

సత్యవేదానికి అబద్ధమాడ్డం రాదు. “షుగరుందండి. ఒక్కోరోజు కళ్లు మూతలు పడతాయి. ఆ రోజు పడలేదు.”

పక్కనుంచి గంగాధరరావు అందుకున్నాడు. “నిద్రపోయినవాడికి నిద్రపోయినట్టు తెలుస్తుందాండీ? మెలకువొచ్చి, గాభరా పడి, పంపేసి, పుస్తకంలో రెండూ పది అని వేసుకుని ఉంటారు. పెద్దాయన, నేను తప్పు పట్టను. కాని మా మిషన్ని అనకండి. దానికి నిద్రా లేదు, షుగరూ లేదు.”

సత్యవేదం మొహం ఎర్రబడింది. అంతమందిలో ఎవరో ఒకరు అడ్డుపడతారేమోనని చుట్టూ చూశాడు. ప్రేమ్ సాగర్ టేబుల్ మీద పెన్ను తిప్పుతూ కూచున్నాడు. అప్పటికి వాడికి నిజంగా ఏమీ తెలియదు, ఆ మాట ఒప్పుకోవాలి. మావయ్య ముసలివాడైపోయాడు, పాపం, కునుకుపట్టి ఉంటుందనే అనుకున్నాడు.

తర్వాత నాగమల్లేశ్వరి నిలబడింది. “గంట మోగీ మోగగానే మైకు పట్టుకున్నానండి. ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యలేదండి. ఒట్టండి. మా అక్క కూతురి ఓణీల ఫంక్షనని అప్పటిదాకా కంప్యూటర్లో పాటలు పెట్టామండి. పాటలు ఆపడం, గంట మోగడం, రెండూ ఒకేసారండి.”

రాజ్యలక్ష్మి గారు రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది.

ప్రేమ్ సాగర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ మిషన్లో సౌండ్ కార్డు ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే పలుకుతుంది. పాటలు దాన్ని పట్టుకుని కూచుంటే గంట మోగించాల్సిన ప్రోగ్రామ్ వాకిట్లోనే నిలబడుతుంది, పాటలు అయ్యేదాకా అలాగే నిలబడుతుంది. అయ్యాక గంట మోగిస్తుంది. మోగించాక అప్పుడు తీరిగ్గా కెర్నెల్‌ని అడుగుతుంది, ఇదెప్పుడొచ్చిందీ అని. కెర్నెల్ దగ్గర ముద్ర లేదు. ముద్ర వద్దని తీసేసిన మహానుభావుడు ఇక్కడ కుర్చీలో కూచున్నాడు. అందుకని అది గడియారం చూసి మూడూ ఐదు అని చెప్పింది.

కబురు రెండూ పదికే వచ్చింది.

అప్పుడే లేచి చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఒకసారి కోడ్ చూసుకుని, రూఢి చేసుకుని చెప్దాంలే అనుకున్నాడు. ఆ సాయంత్రం చూసుకున్నాడు, రూఢి అయింది. శుక్రవారం పొద్దున గంగాధరరావు గదిలోకి వెళ్లాడు, చెప్పేద్దామనే వెళ్లాడు.

“రావయ్యా రా,” అన్నాడు గంగాధరరావు. “పైవాళ్లు ఒక్కటే అడుగుతున్నారు, మిషన్లో లోపముందా లేదా అని. లేదంటే నలభై ఊళ్లూ మనవే. ఉందంటే కంపెనీ మూసుకుని నువ్వూ నేనూ ఇంటికి పోవడమే. ఇంజనీరువి నువ్వు, నువ్వే చెప్పు. లోపముందా?”

“లేదండి.”

అనేశాడు. అంత తేలిగ్గా వచ్చేసిందా మాట.

శనివారం ప్రేమ్ సాగర్ బండేసుకుని చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా ఉప్పుదిబ్బ వెళ్లాడు. దారిపొడుగునా తనకి తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. ముందు మిషన్ బాగుచెయ్యాలి, రేపు మళ్లీ ఎవరింట్లోనో పాటలు పెడితే ఇంకెవరో పోతారు. బాగుచేశాక సోమవారం విచారణ మళ్లీ మొదలైనప్పుడు అందరి ముందూ నిజం చెప్పేస్తా. ఇలా అనుకుంటూ ఉంటే వాడికి తను చాలా మంచివాడిలాగే కనపడ్డాడు.

కొత్త కెర్నెల్ ఆఫీసులోనే తయారుచేసి ఫ్లాపీలో తెచ్చుకున్నాడు. ఈసారి పద్ధతిగా చేశాడు. పరికరాల ప్యాకెట్లకి ముద్ర ఉండదు, హెచ్చరిక కబుర్లకి మాత్రం వచ్చిన క్షణానే పడుతుంది. మిషన్ మీద బరువు పెరగదు, టైము తప్పదు. మొదట్లోనే ఇలా చేసి ఉండొచ్చు. ఇంకో రెండు రోజుల పని, అంతే. అప్పుడు బద్ధకించాడు. గంట పాటల వెనక నిలబడిపోయే సంగతి ఇప్పుడూ ముట్టుకోలేదు.

కొత్తది ఎక్కించాడు. పాతది పక్కనే ఉంచొచ్చు, డిస్కులో చోటుంది. పాతది ఉంటే నిజం ఎవరికైనా చూపించొచ్చు. వాడు దానివంక కాసేపు చూసి, చెరిపేశాడు. ఆఫీసులో ఉన్న కాపీని అంతకు ముందురోజే చెరిపేశాడు. ఇదెందుకు చేశాడో వాడు తనకి తాను కూడా చెప్పుకోలేదు.

నాగమల్లేశ్వరి టీ పట్టుకొచ్చింది. “ఏమన్నా పాడైందాండీ?”

“ఏం లేదు, ఊరికే చూశాను. ఇదిగో, నేనివాళ వచ్చినట్టు ఎవరికీ చెప్పకు. వచ్చానంటే ఎందుకొచ్చాడని అడుగుతారు, ఆ పాటల సంగతి మళ్లీ పైకొస్తుంది. ఫంక్షన్ పాటల వల్ల ఇద్దరు పోయారని తేలిందనుకో, ఎవరి మెడకి చుట్టుకుంటుంది? కోటయ్య మనుషులు నిన్నీ ఊళ్లో ఉండనిస్తారా?”

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. టీ గ్లాసు కింద పెట్టి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ప్రేమ్ సాగర్ ఆ టీ తాగే వచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం సత్యవేదం ఇంటికొచ్చాడు. మూడు రోజుల్లో మనిషి సగమయ్యాడు, కాని కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. ప్రేమ్ సాగర్ భార్య ఏంజెల్ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. ఆయన ఇద్దర్నీ కూచోమన్నాడు.

“ఒరే సాగరూ, ఆ పిల్ల చెప్పిన పాటల మాట నా బుర్రలోంచి పోవట్లేదురా. కబురు రెండూ పదికే వచ్చి, పాటలు అయ్యేదాకా మిషన్ లోపలే కూచుని, బయటికొచ్చినప్పుడు ముద్ర పడి ఉండొచ్చు గదా? ఓడల మీద మాకూ అంతే. కొందరు బద్ధకస్తులు కబుర్లన్నీ తీసుకుని పక్కన పెట్టుకుని, తీరికైనప్పుడు ఒకేసారి టైములేసేవాళ్లు.”

ముసలాయన కోడ్ అక్షరం చూడకుండా మొత్తం పట్టేసుకున్నాడు. “ఏమో మావయ్యా,” అన్నాడు ప్రేమ్ సాగర్. “అలా జరక్కూడదే.”

“నాకొకటి తోచింది. రేపు రాజ్యలక్ష్మి గారిని ఉప్పుదిబ్బకి రమ్మంటాను. ఆ రోజులాగే పాటలు పెట్టించి, బందరు నుంచి కబురు పంపించి, గంటసేపాగి పాటలు ఆపి చూద్దాం. ఏ టైము రాస్తుందో అందరూ కళ్లారా చూస్తారు. పాటలు ఆపిన టైము రాసిందా, నా పుస్తకం నిజం.”

“మంచి ఆలోచన, అంకుల్,” అంది ఏంజెల్ సంబరంగా.

సత్యవేదం మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి గొంతు తగ్గించాడు. “అదడగడానికే వచ్చాను. ఆ మిషన్ నువ్వు చేసింది. తప్పు దానిదని తేలితే నీకు మాటొస్తుంది. కొత్తగా పైకొస్తున్నవాడివి. నాకేం, ఇంకెన్నాళ్లుంటానని? నీకు ఇబ్బందంటే ఇప్పుడే చెప్పు. పరీక్షా వద్దు, ఏమీ వద్దు. అడగనే అడగను.”

వినండి ఆ మాట. ఆ పెద్దాయన తన పరువు తీసి వీడి చేతిలో పెట్టాడు, ఉంచుతావో పారేస్తావో నీ ఇష్టమని. ఇంత కంటే పెద్ద తలుపు ఎవరికైనా ఎవరైనా తెరుస్తారా? ప్రేమ్ సాగర్ వద్దని ఒక్క మాటంటే చాలు, ఆ పరీక్ష జరగదు. నిజం చెప్తే ఇంకా మంచిది. కాని వాడు ఆలోచించింది వేరు. వద్దంటే మావయ్యకి అనుమానమొస్తుంది. అడగమంటే ఏమీ కాదు, మిషన్ ఇప్పుడు బాగుంది.

“అడుగు మావయ్యా,” అన్నాడు. “నా గురించి చూసుకోకు.”

సత్యవేదం కళ్లు చెమర్చాయి. లేచి వాడి తల నిమిరి వెళ్లాడు. వెనకాల ఏంజెల్ మొగుణ్ణి చూసి మురిసిపోయింది. వాడు బాత్రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకున్నాడు. చేసుకుంటే చేసుకున్నాడు, నాకేం జాలి లేదు.

సోమవారం ఉప్పుదిబ్బ సెంటర్లో కాలు పెట్టే చోటు లేదు. కిటికీల నిండా ఊరివాళ్లు. రాజ్యలక్ష్మి గారు న్యాయంగానే చేసింది. బందరులో తన మనిషిని కూచోబెట్టి, పదకొండుకీ పన్నెండుకీ మధ్య నీకు తోచిన నిమిషంలో కబురు పంపి రాసుకో, ఎవరికీ చెప్పొద్దు అంది. ఊరి ఫోను ఆ వారమే బాగుచేశారు, ఇద్దరు పోయాక. పదకొండింటికి నాగమల్లేశ్వరి సీడీ పెట్టింది. ఓణీల ఫంక్షన్ పాటలే. ఆ పాటలు విని కిటికీ దగ్గర ఎవరో ఆడమనిషి ఛీ అని ఉమ్మి వెళ్లిపోయింది.

గంటసేపు అందరూ ఆ పాటలు వింటూ నిలబడ్డారు. సరిగ్గా పన్నెండుకి ఆపారు. ఆపీ ఆపగానే గంట ఖణేల్మంది.

సత్యవేదం చిన్నపిల్లాడిలా రెండు చేతులూ పైకెత్తాడు. “చూశారా అమ్మా! చూశారా! కబురొచ్చి లోపల కూచుంది! పాటలు ఆపాకే గంట మోగింది! నేను చెప్పలా?”

కిటికీల దగ్గర గుసగుసలు లేచాయి. గంగాధరరావు మొహం పాలిపోయింది. రాజ్యలక్ష్మి గారు కుర్చీలోంచి లేచి, ఫైల్ తెరవమంది. ప్రేమ్ సాగరే తెరిచాడు.

వచ్చిన టైము: పదకొండూ ఇరవై రెండు.

ఆవిడ బందరుకి ఫోన్ చేసింది. “ఎప్పుడు పంపావు?” విని పెట్టేసింది. “పదకొండూ ఇరవై రెండుకే పంపాడట,” అంది.

ఆవిడ సత్యవేదం వైపు తిరిగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. “గంట ఆలస్యంగా మోగుతుందన్న మాట నిజమేనండీ, అది సరిచేయించాలి. కాని మిషన్ రాసింది పాటలు ఆపిన టైము కాదు, కబురు నిజంగా వచ్చిన టైము. ఆ రోజు కూడా రెండూ పదికే వచ్చుంటే రెండూ పది అనే రాసేది. మూడూ ఐదు అని రాసిందంటే, మూడూ ఐదుకి వచ్చిందనేగా? సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి పాటలు ఆపిందనుకోవాలి.”



ఆవిడ అంతటితో వదల్లేదు, మంచి ఆఫీసరు కాబట్టి. “ప్రేమ్ సాగర్ గారూ, ఆ రోజు తర్వాత ఈ మిషన్ మీద ఎవరన్నా చెయ్యి పెట్టారా?”

నాగమల్లేశ్వరి తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకుతోంది.

“లేదండి,” అన్నాడు ప్రేమ్ సాగర్.

సత్యవేదం వాడి మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. అరుస్తాడనీ, నువ్వు అబద్ధమాడుతున్నావురా అంటాడనీ వాడు ఒక్క క్షణం భయపడ్డాడు, ఆశ కూడా పడ్డాడు. ఆయన అరవలేదు. సాగర్ లేదన్నాడంటే లేదనే ఆయన లెక్క. స్టూలు మీద కూలబడి, తన పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఆ రోజు పేజీ తీసి, రెండూ పది అన్న అంకెల మీద వేలితో రుద్దాడు, ఎవరో రాసింది చూస్తున్నట్టు.

“అయితే నిద్రపోయానన్నమాట,” అన్నాడు. “నిద్రపోయి, లేచి, ఇది రాశాను. రాసినట్టు గుర్తుంది గాని, నిద్రపోయినట్టు గుర్తులేదు. ఆవిడెవరు, కోటయ్య గారి భార్య, ఇల్లెక్కడ?”

“ఇప్పుడొద్దు మావయ్యా,” అన్నాడు ప్రేమ్ సాగర్. ఆ మాట మాత్రం కంగారుగా అన్నాడు.

“ఇప్పుడే వెళ్లాలి. నువ్వు రారా. ఒక్కణ్ణీ వెళ్లలేను.”

కోటయ్య భార్య బుల్లెమ్మ గుడిసె ముందు చాప మీద కూచునుంది. వీళ్లని చూసి లేవలేదు, కూచోమనలేదు. సత్యవేదం ఎండలో నిలబడి చేతులు జోడించాడు.

“అమ్మా, ఆ రోజు కబురు పంపాల్సినవాణ్ణి నేనే. నిద్రపోయాను. నా వల్లే పోయారమ్మా వాళ్లిద్దరూ.”

బుల్లెమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. “నిద్రపోయావా,” అంది. “మా ఆయన అన్నం తిని కూచున్నాడయ్యా. మైకులో ఏవన్నా చెప్తారేవో చూసి ఎల్దావురా అని తమ్ముణ్ణి ఆపాడు. రెండింటికాణ్ణించి అరగంట చెవులు రిక్కించుకుని కూచున్నారు అన్నదమ్ములిద్దరూ, ఇదిగో ఇక్కడే. ఏవీ చెప్పలేదు గదా, అంతా బానే ఉన్నట్టుందని ఎల్లారు. నువ్వు నిద్రపోతన్నావని తెలీదు గదా పాపం ఆళ్లకి.”

అరగంట. ఆ అరగంటలో ఇరవై నిమిషాలు ఆ కబురు వాళ్ల నెత్తి మీద, ఆ సెంటర్లోనే ఉంది. చెప్పాలంటే ఇదే ఆఖరు చోటు. ఇక్కడ ఆఫీసరు లేదు, గంగాధరరావు లేడు, ఉన్నది వీళ్లిద్దరే. ప్రేమ్ సాగర్ ఆ గుడిసె ముందు నిలబడి నేల చూశాడు.

“క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదమ్మా,” అన్నాడు సత్యవేదం.

“నన్నడక్కు. నాకాడ ఏవీ లేదు ఇవ్వడానికి. ఎల్లి మీ దేవుణ్ణి అడుక్కో.”

సత్యవేదం అక్కడే, ఆ కాలే ఇసకలో, మోకాళ్ల మీద కూచున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. పక్కకి చెయ్యి చాచి ప్రేమ్ సాగర్ ప్యాంటు పట్టుకుని లాగాడు.

“నాకు నోరు రావట్లేదురా సాగరూ. నా తరఫున నువ్వు చెయ్యి.”

ప్రేమ్ సాగర్ మోకాళ్ల మీద కూచున్నాడు. బుల్లెమ్మ చూస్తోంది. వీడు కళ్లు మూసుకుని గొంతు సవరించుకున్నాడు.

“పరలోకమందున్న మా తండ్రీ,” అన్నాడు. “నీ బిడ్డ సత్యవేదం ఆ రోజు నిద్రమత్తులో చేసిన తప్పుని క్షమించు. ఆయన వల్ల భర్తని పోగొట్టుకున్న ఈ తల్లిని ఓదార్చు. తప్పు ఒప్పుకునే మనసు ఆయనకిచ్చినందుకు నీకు వందనాలు. యేసు నామంలో అడుగుతున్నాం.”

“ఆమెన్,” అన్నాడు సత్యవేదం. ఇప్పుడు గొంతు వచ్చింది.

“అయిందా? ఇంక ఎల్లండి,” అంది బుల్లెమ్మ.

సత్యవేదం ప్రేమ్ సాగర్ చెయ్యి పట్టుకుని, బరువంతా వాడి మీదేసి లేచాడు. లేచి, మోకాళ్ల ఇసక దులుపుకుని, వాడి భుజం తట్టాడు.

“బాగా చేశావు నాయనా,” అన్నాడు.